వన్ టౌన్ మిద్దెల కింద ఒక ఆదివారం

బెజవాడ వాళ్లకి వన్ టౌన్, అంటే విజయవాడ పాత ఊరు, పని మీద వెళ్లే చోటు. పెళ్లి బట్టలకి, ఇత్తడి సామానుకి, హోల్‌సేల్ కిరాణాకి, దసరాల్లో అమ్మవారి దర్శనానికి వెళ్తాం. బండి ఎక్కడ పెట్టాలా అని టెన్షన్ పడతాం, పని అవగానే ఏదో ఒక సందులోంచి బయటపడతాం. అక్కడి ఇళ్లు చూడ్డానికని ఎవరైనా వెళ్తారా అని మా ఇంట్లోనే అడిగారు. వెళ్తారు. వెళ్లాలి కూడా. ఎందుకో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మొన్న ఆదివారం పొద్దున్నే కొంతమందిమి ఒక ఆర్కిటెక్చర్ మాస్టారి వెంట కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర మొదలుపెట్టి ఇంద్రకీలాద్రి కొండ కింద దాకా నడిచాం. ఆయన పాఠాలు చెప్పి రిటైరయిన మనిషి, ఈ వీధుల్లోనే అద్దె ఇంట్లో పెరిగారట. పేరు రాయొద్దన్నారు కాబట్టి మాస్టారు అనే అంటాను. ఆదివారమే ఎందుకు పెట్టారంటే, మిగతా రోజుల్లో తోపుడు బండ్లు, ఆటోలు, లారీల్లోంచి దిగే మూటలు వీటి మధ్య నిలబడి పైకి చూసే వీలే ఉండదు, ఆదివారం పొద్దున అయితే షట్టర్లు దించి ఉంటాయి, వీధి మొత్తం కనపడుతుంది.

ముందు మాస్టారు ఒక మూసి ఉన్న కొట్టు మెట్టు మీద సుద్దముక్కతో నాలుగు గీతలు గీశారు. ఒకటి కొండ, ఒకటి కృష్ణ, ఒకటి కాలువ, ఒకటి రైలు పట్టాలు. "ఈ నాలుగు గీతల మధ్య ఇరుక్కున్న ఊరమ్మా ఇది, అందుకే ఇళ్లు ఇలా ఉంటాయి" అన్నారు. ఈ మాట అర్థమైతే మిగతాదంతా దానంతటదే అర్థమవుతుంది.

కృష్ణ మీద మొదటి ఆనకట్ట 1855లో పూర్తయింది. కాటన్ దొర ఆలోచన, కట్టించింది కెప్టెన్ చార్లెస్ ఓర్. దాని ఎడమ గట్టున బెజవాడ దగ్గర మొదలైన కాలువలు పొలాలకి నీళ్లివ్వడానికే కాదు, పడవలు నడవడానికి కూడా పనికొచ్చాయి. బందరు కాలువ మీద బందరుకి, ఏలూరు కాలువ మీద ఏలూరుకి, అక్కడినుంచి గోదావరి కాలువల్లోకి. ఏటికి అవతలి పక్క సీతానగరం దగ్గర దిగే కొమ్మమూరు కాలువ పట్టుకుంటే బకింగ్‌హామ్ కాలువలో కలిసి మద్రాసు దాకా నీటి మీదే పోవచ్చు. ఆ తర్వాత రైలు వచ్చింది. 1889లో నిజాం రైలు సికింద్రాబాద్ వైపు నుంచి బెజవాడ చేరింది, 1893లో కృష్ణ మీద రైలు వంతెన తెరిచారు, 1899కల్లా మద్రాసు లైను కలిసింది. అంటే ఒక యాభై ఏళ్లలోపే పడవ సరుకు, రైలు సరుకు ఒకే చోట దిగి చేతులు మారే ఊరైపోయింది. పాత ఆనకట్ట 1952లో తెగిపోతే దాని స్థానంలో 1954–57 మధ్య ప్రకాశం బ్యారేజి కట్టారు. డెబ్బై గేట్లతో ఇప్పుడు మనం రోజూ దాటేది అదే.

సరుకు దిగితే గోడౌన్ కావాలి, గోడౌన్ ముందు కొట్టు కావాలి, కొట్టు ఉన్న మనిషికి ఇల్లు కావాలి. పక్కకి పెరగడానికి చోటు లేదు, కొండా ఏరూ రెండూ అడ్డమే. అందుకని స్థలాలన్నీ వీధి వైపు సన్నగా, లోపలికి పొడుగ్గా తెగాయి. వీధి మీద కొట్టు, దాని వెనక సరుకు గది, దాని వెనక పైన ఆకాశం కనపడే మండువా, ఆ తర్వాత వంటిల్లు, నుయ్యి, పెరటి తలుపు. కుటుంబం మేడ మీద. రెండిళ్ల మధ్య ఒకటే ఉమ్మడి గోడ. వీధిలోంచి చూస్తే బట్టల కొట్టు, లోపలికి వెళ్తే మాత్రం వాసాలూ దూలాలూ ఉన్న పాత లోగిలి. మెయిన్ బజారు చుట్టుపక్కల ఇప్పటికీ ఇలాంటివి దొరుకుతాయి, కాకపోతే కింది అంతస్తుకి అద్దాలు, ఫ్లెక్సీలు, అల్యూమినియం షీట్లు వచ్చేశాయి. మేడ మీదే అసలు ఇల్లు మిగిలింది. మాస్టారు ప్రతి చోటా "బోర్డు పైన చూడండి" అనేవారు. చూస్తే అక్కడ సున్నంతో చేసిన తీగలూ పువ్వులూ, గుండ్రటి కమాను కిటికీలో మిగిలిపోయిన రంగుటద్దం ముక్క, ఇనప కమ్మీల వరండా.

పాత పద్ధతి తలుపులున్న ఒక కొట్టు దగ్గర చాలాసేపు ఆగాం. దానికి రెక్కల తలుపు కాదు, నిలువు చెక్క పలకలు. కిందా పైనా గాడి ఉంటుంది, పొద్దున ఒక్కొక్కటే జరిపి తీసి లోపల గోడకి చేరేస్తారు, రాత్రి మళ్లీ వరసగా పెట్టి చివరి పలకకి అడ్డ ఇనప పట్టీ వేసి తాళం వేస్తారు. పలకలు చూడ్డానికి అన్నీ ఒకటేగానీ ఒకదాని చోట ఇంకోటి పట్టదు, అందుకని ప్రతి పలక అంచునా ఉలితో గాట్లు పెట్టారు. మొదటిదానికి ఒక గాటు, రెండోదానికి రెండు, అలా. అయిదో పలక గాట్ల మీద వేలు పెట్టి చూస్తే అంచులు అరిగి నున్నగా తగిలాయి, రోజూ చెయ్యి పడే చోటు కదా. ఆ కొట్టాయన ఆదివారం కూడా వచ్చి లెక్కలు చూసుకుంటున్నారు. "మా నాన్నగారి టైంలో పెట్టిన పలకలండీ, షట్టరు వేయించమని అందరూ చెప్తారు, కానీ ఇవి ఆగినంతకాలం ఆగనీయండి" అన్నారు. ఆయన ఆ మాట అన్న తీరు నాకు చాలా నచ్చింది.

పంజా సెంటర్ మీదుగా వెళ్లాం గానీ అక్కడ ఎక్కువసేపు నిలబడలేదు, అప్పటికే బండ్లు మొదలయ్యాయి. కాళేశ్వరరావు మార్కెట్ పేరు మాత్రం మాస్టారు గుర్తు చేశారు. అయ్యదేవర కాళేశ్వరరావు గారు ఈ ఊరి మునిసిపాలిటీ చైర్మన్‌గా చేసి, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక శాసనసభకి మొదటి స్పీకర్ అయిన మనిషి. రోజూ ఆ మార్కెట్లో బేరాలాడే మాలో సగంమందికి ఈ సంగతి తెలియదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. బ్రాహ్మణ వీధి దాటాక ఒక సందులో మాస్టారికి తెలిసిన ఇల్లు ఉంది. మామ్మగారు ఒక్కరే ఉంటారు, కింది గదులు ఎవరో సరుకు పెట్టుకోడానికి అద్దెకి తీసుకున్నారు. "లోపలికి రండి బాబూ, చెప్పులు అక్కడే విడవండి" అని పిలిచి అందరినీ మండువాలో కూర్చోబెట్టారు. తల పైకెత్తితే మద్రాసు మిద్దె.

ఇది ఎలా కడతారో చాలామందికి తెలియదు, నాకూ ఆ రోజే పూర్తిగా తెలిసింది. గోడ నుంచి గోడకి ముందు పెద్ద టేకు దూలాలు, వాటి మీద అడ్డంగా దగ్గర దగ్గరగా సన్న దూలాలు. ఆ సన్న దూలాల మీద చిన్న పల్చటి ఇటుకల్ని పడుకోబెట్టరు, నిలువుగా అంచు మీద నిలబెట్టి, ఏటవాలు వరసల్లో సున్నంతో ఒకదానికొకటి అతుక్కుంటూ పేరుస్తారు. కింద చెక్క పరిచి సెంట్రింగ్ కట్టే పనే లేదు, ఒక వరస పట్టుకున్నాక రెండో వరస దాన్ని ఆనుకుని నిలుస్తుంది. దాని మీద ఇటుక ముక్కలూ సున్నమూ కలిపిన కంకర వేసి, ఆడకూలీలు వరసగా కూర్చుని చెక్కలతో రోజుల తరబడి కొట్టేవారు. కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు చల్లుతూ కొట్టేకొద్దీ అది గట్టిపడి నీళ్లు పీల్చుకోని పొరగా మారుతుంది. ఆ పైన పల్చటి పలకలు పరిచి మళ్లీ సున్నంతో నున్నగా మెత్తేవారు. సున్నం కూడా బస్తాలో వచ్చేది కాదు, గానుగలో ఇసకతో కలిపి ఎద్దుతో తిప్పి మెత్తగా నూరిన డంగు సున్నం. ఇంత మందం ఉన్న మిద్దె కింద మే నెలలో కూడా ఫ్యాను వేసుకుని పడుకోవచ్చు. బెజవాడ ఎండల సంగతి తెలిసినవాళ్లకి ఈ ముక్క విడిగా చెప్పక్కర్లేదు.

మామ్మగారు ఒక మూల చూపించారు. గోడంతా తెల్లగా ఉప్పు పొంగి, పెచ్చులు ఊడి, పైన దూలం తల నల్లబడి ఉంది. "వానొస్తే కారుతోందని మేస్త్రీని పిలిచి పైనా పక్కనా సిమెంటు కొట్టించాం బాబూ. రెండేళ్లు బాగానే ఉంది, తర్వాత ఇంకా ఎక్కువైంది" అన్నారు. మాస్టారు కుర్చీ తెప్పించుకుని ఎక్కి, ఆ దూలం తలని జేబులో ఉన్న తాళంచెవితో నొక్కి చూశారు. చెవి సగం దాకా లోపలికి దిగిపోయింది. ఎవరూ ఏమీ మాట్లాడలేదు.

తర్వాత ఆయన చెప్పింది ఇదీ. పాత గోడ ఇటుకా సున్నమూ, అది తడి పీల్చుకుంటుంది, ఎండకి మళ్లీ వదిలేస్తుంది. మన చర్మానికి చెమట ఎలాగో ఆ గోడకి ఆ తడి అలాగ. దాని మీద సిమెంటు మెత్తితే తడి బయటకు పోయే దారి మూసుకుపోతుంది. నీరు మాత్రం ఎక్కడో ఒక పగులులోంచి లోపలికి వస్తూనే ఉంటుంది, వచ్చింది పోలేక గోడలోనే తిరుగుతుంది, ఇటుకలో ఉన్న ఉప్పుని బయటికి తోస్తుంది, చివరికి గోడలోకి దిగబడి ఉన్న దూలం తలల దగ్గర చేరుతుంది. అక్కడ గాలి ఆడదు. టేకు ఎంత గట్టిదైనా ఎప్పుడూ తడిలో, గాలి లేకుండా ఉంటే చివుకుతుంది. దూలం నడుమ చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది, కూలేది మాత్రం గోడలో దాక్కున్న ఆ జానెడు ముక్క వల్ల. "ఈ ఇళ్లు ముసలితనంతో పడిపోవడం లేదమ్మా, మనం చేసే రిపేర్ల వల్ల పడిపోతున్నాయి" అన్నారాయన.

నేను ఈ పోస్టు రాయడానికి కారణం ఆ ఒక్క మాట. పాత ఇల్లు కదా, దాని టైం అయిపోయింది అని మనం చాలా తేలిగ్గా అనేస్తాం. దాని టైం అవలేదు. మామ్మగారి ఇంట్లో మొదట చెయ్యాల్సింది మిద్దె మీద తూము శుభ్రం చేయించడం, ఆకులూ మట్టీ పట్టి నీళ్లు నిలబడుతున్నాయి. ఆ తర్వాత గోడ మీద సిమెంటు పెచ్చులు రాల్చేసి కొన్ని నెలలు ఆరనివ్వాలి. ఆ తర్వాత సున్నంతోనే మెత్తాలి. చివికిన దూలం తలని కోసేసి కొత్త టేకు ముక్క అతికి ఇనప పలకలతో బిగించవచ్చు, దూలం మొత్తం మార్చక్కర్లేదు. ఖర్చు ఉంటుంది, కాదనను. కానీ కూలగొట్టి కట్టే ఖర్చుతో పోలిస్తే చాలా తక్కువ. ఇబ్బందల్లా పని తెలిసిన చేతులు దొరకడమే. సున్నం పని తెలిసిన మేస్త్రీలు ఇప్పుడు గుళ్ల పునరుద్ధరణ పనుల్లో దొరుకుతారు, వాళ్లని వెతికి పట్టుకోవాలి. మామ్మగారి మనవడి ఫోన్ నంబరు మాస్టారు రాసుకున్నారు, ఆ అబ్బాయి హైదరాబాద్‌లో ఉద్యోగం. ఒప్పుకుంటాడని నా నమ్మకం.

ఇంకో సంగతి, ఇది నా కళ్ల ముందే ఎన్నోసార్లు జరిగినా ఎప్పుడూ ఆలోచించలేదు. రోడ్డు పాడైన ప్రతిసారీ పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్త పొర వేస్తారు. అలా అలా వీధి పైకి లేచింది. ఒకప్పుడు నడుం ఎత్తున ఉండి, సాయంత్రం పూట పెద్దవాళ్లు కూర్చుని కబుర్లు చెప్పుకున్న అరుగు ఇప్పుడు మోకాలి కిందకి వచ్చింది. కొన్నిళ్లకి గడప రోడ్డుకి సమానమైపోయింది, చిన్న వానకే వీధి నీళ్లు ఇంట్లోకి వస్తాయి, గోడ అడుగు నుంచి తడి ఎక్కుతుంది. ఇంటివాళ్లు గుమ్మం ముందు సిమెంటు దిమ్మ కట్టుకుంటారు, ఇంతకుముందు చెప్పిన రోగం అక్కడినుంచి మళ్లీ మొదలు. రోడ్డు వేసేముందు పై పొర గీకి తీసెయ్యమని వార్డు వాళ్లు గట్టిగా అడగాలి. ఇళ్లు కాపాడ్డానికి డబ్బు ఖర్చు లేని పని ఇదొక్కటే ఉంది.

వాటాల గొడవ కూడా ఉంది. అన్నదమ్ములు పంచుకుంటే మండువా మధ్యలోంచి గోడ లేస్తుంది, దాంతో అటువాళ్లకీ ఇటువాళ్లకీ కూడా వెలుతురూ గాలీ పోతాయి. మేం చూసిన ఒక ఇంట్లో గజలక్ష్మి చెక్కిన ద్వారబంధం ఒక వాటాకి, దాని తలుపులు ఇంకో వాటాకి వెళ్లాయి. దీని గురించి ఎక్కువ రాయను, ప్రతి కుటుంబం బాధ దానిది.

అక్కడినుంచి అర్జున వీధి వైపు, కొండ కిందకి వచ్చాం. అక్కన్న మాదన్న గుహలు ఇక్కడే. పేరు వాళ్లది, గోల్కొండ తానీషా దగ్గర పదిహేడో శతాబ్దంలో మంత్రులుగా ఉన్న అన్నదమ్ములది. గుహలు మాత్రం అంతకు వెయ్యేళ్ల ముందు, ఆరో ఏడో శతాబ్దాల నాటివి. రాతిని తొలిచి మూడు గర్భగుళ్లు పక్కపక్కనే చేశారు. పురావస్తు శాఖ కంచె, బోర్డు ఉన్నాయి, లోపల శుభ్రంగా ఉంది. కొండ పైన మల్లేశ్వరస్వామి గుళ్లో చాళుక్య రాజు యుద్ధమల్లుడి శాసన స్తంభం ఉంది, పదో శతాబ్దానిది, మధ్యాక్కర పద్యాల్లో ఉన్న తెలుగు శాసనం. బెజవాడలో కుమారస్వామికి గుడీ మఠమూ కట్టించిన సంగతి అందులో ఉంది. చేబ్రోలు నుంచి జాతరకి వచ్చిన స్వామి తిరిగి వెళ్లడానికి ఇష్టపడక ఇక్కడే ఉండిపోయాడని చెబుతుంది. గుడి కట్టించడం, ఆ మఠంలో ఎవరుండాలి ఎవరుండకూడదు అని నియమం పెట్టడం, అది రాయి మీద చెక్కించడం, అంతా వెయ్యేళ్ల నాడే, ఇదే కొండ మీద. ఈ ఊరికి కట్టడాల విషయంలో పట్టింపు కొత్తగా నేర్పాల్సిన పని లేదు.

గాంధీ కొండ పైకి ఎక్కే ఓపిక ఎవరికీ మిగల్లేదు, ఎండెక్కింది. కింద నుంచే చూశాం. ఒకప్పుడు ఆనకట్ట కట్టిన ఓర్ దొర పేరుతోనే దాన్ని పిలిచేవారు. గాంధీ స్తూపాన్ని 1968 అక్టోబరులో అప్పటి రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ ప్రారంభించారు.

చివరికి బందరు రోడ్డు మీద బాపు మ్యూజియం దగ్గరకి ఆటోల్లో వెళ్లాం. అది వన్ టౌన్‌లో లేదు, కానీ మాస్టారు పట్టుబట్టి తీసుకెళ్లారు. 1887లో విక్టోరియా రాణి జూబిలీకి కట్టడం మొదలుపెట్టిన భవనం, శంకుస్థాపన చేసింది అప్పటి కృష్ణా జిల్లా కలెక్టర్ రాబర్ట్ సూయెల్. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాలప్పుడు పింగళి వెంకయ్య గారు గాంధీజీకి జెండా నమూనా చూపించింది ఈ ఊళ్లోనే. భవనాన్ని బాగు చేసి 2020లో మళ్లీ తెరిచారు, చాలా చక్కగా ఉంది, పిల్లల్ని తీసుకెళ్లండి. నా బాధ ఏంటంటే, దొరలు కట్టిన భవనానికీ రాజులు తొలిపించిన గుహకీ బోర్డు ఉంది, కాపలా ఉంది. వర్తకులూ, పంతుళ్లూ, పడవ సరంగులూ కాపురాలు చేసిన ఇళ్లకి మేం నడిచిన దారిలో ఒక్క బోర్డు కూడా కనపడలేదు. ఈ ఊరిని ఊరుగా చేసింది వాళ్లే కదా. అన్ని ఇళ్లూ మ్యూజియంలు కానక్కర్లేదు, హోటళ్లూ కానక్కర్లేదు, మామ్మగారు మామ్మగారిలాగే ఆ మండువాలో కాపురం ఉండాలి. మునిసిపాలిటీ ఒక లిస్టు తయారు చేసి, సున్నంతో రిపేరు చేయించుకునే వాళ్లకి ఇంటి పన్నులో కొంత తగ్గించినా చాలు, చాలామంది ముందుకొస్తారు.

మీరు వెళ్లాలనుకుంటే ఆదివారం ఏడు లోపల మొదలుపెట్టండి, పది దాటితే ఎండ. నీళ్లు తీసుకెళ్లండి, తేలిగ్గా విడిచే చెప్పులు వేసుకోండి, ఇళ్లలోకి రమ్మంటారు. ఫోటో తీసేముందు అడగండి, ఎవరూ కాదనరు గానీ అడగకపోతే బాధపడతారు. మీ వాళ్లకి కొత్తపేటలోనో, వించిపేటలోనో, ఇస్లాంపేటలోనో పాత ఇల్లు ఉంటే వానలకి ముందు మిద్దె ఎక్కి తూములు చూడండి, సిమెంటు మేస్త్రీని పిలిచేముందు ఒకసారి కామెంట్లో చెప్పండి, మాస్టారిని అడిగి మీకు చెప్తాను. తర్వాతి నడక కొత్తపేట వైపు, కార్తీకం వెళ్లాక. ఒక నూనె మిల్లు, రెండు మండువా ఇళ్లు చూపిస్తామన్నారు, వచ్చేవాళ్లు పేరు రాయండి.